ఎముక నేసిన యంత్రం

"బీపీ పడిపోతోంది, మేడమ్!" మత్తు డాక్టర్ కేకేశాడు.

సర్జన్ నస్రీన్ యంత్రాన్ని ఆపింది. బల్ల మీద ఆరేళ్ల హేమ. తెరిచిన ఛాతీలో, సగం అల్లిన ఎముక వంతెన పక్కన రోబో చెయ్యి నిలిచిపోయింది.

హేమకి పుట్టుకతోనే ఛాతీ మధ్యన ఉండాల్సిన రొమ్ము ఎముక లేదు. చర్మం కింద గుండె ఎగిరెగిరి పడడం కంటికి కనిపించేది. అక్కడ బంతి తగిలినా ప్రాణానికి ముప్పే. పసికందుగా ఉన్నప్పుడైతే రెండు పక్కల ఎముకల్నీ దగ్గరకు లాగి కుట్టేవారు. ఈ వయసులో అలా బిగిస్తే గుండె నలిగిపోతుంది. అందుకే నస్రీన్ బృందం ఎముక నేసే ఈ మగ్గాన్ని, బోన్ లూమ్‌ని, తయారుచేసింది. ల్యాబ్‌లో పెంచిన పాప సొంత కణాల్ని అది దారంలా సాగదీసి, ఖాళీ మీద అల్లుతుంది. ఆ అల్లిక ఎముకగా మారి పాపతో పాటే పెరుగుతుంది. మనిషికి వాడడం ఇదే మొదటిసారి.

"చివరి వరస విప్పేయండి," అంది నస్రీన్.

బీపీ మెల్లగా తేరుకుంది. నస్రీన్ మైక్ అందుకుని, బయట కూర్చున్న తల్లి పైడితల్లితో మాట్లాడింది.

"అమ్మా, గుండెకు చోటు చాలడం లేదు. వంతెన ఎత్తు పెంచాలి. అప్పుడు ఛాతీ ముందుకు పొడుచుకొస్తుంది, ఎప్పటికీ అలాగే ఉంటుంది. వద్దంటే ఇక్కడితో ఆపి కుట్లు వేస్తాను."

"పెంచితే బతుకుతాదా?"

"నమ్మకం ఉంది. మాట మాత్రం ఇవ్వలేను."



"వంకరైనా సరే తల్లీ. ఎన్నాళ్లని గదిలో పెట్టి కాయను? కానియ్యండి."

యంత్రం మళ్లీ కదిలింది. ఆఖరి వరస పడుతుంటే బీపీ ఒక్కసారి జారింది. జారిన చోటే ఆగి, నిలబడింది.

కొన్ని నెలలకు తల్లీకూతుళ్లు చెకప్‌కి వచ్చారు. ఎముక గట్టిపడింది. హేమ మాత్రం మొహం మాడ్చుకుంది.

"డాక్టరమ్మా, మా అమ్మకి చెప్పండి! కునుకు పట్టిందంటే చాలు, కుదిపి లేపేస్తోంది."

పైడితల్లి కళ్లు తుడుచుకుంది. "ఇన్నేళ్లూ దాని గుండె చూసుకునే పడుకున్నానమ్మా. ఇప్పుడు మూసేశారు. అది పడుకుంటే బతికుందో లేదో నాకెలా తెలుస్తాది? చెయ్యేసి చూశాను. మీ ఎముక మందం. ఏటీ తగల్లేదు."

ఏ దెబ్బకీ చలించకూడదనే నస్రీన్ దాన్ని అంత మందంగా నేయించింది.

"నాడి చూడడం నేర్పుతాను," అంది చివరికి. "పాప చెయ్యి పట్టుకోండి."

పైడితల్లి చెయ్యి చాచింది. హేమ అప్పటికే తలుపు తోసుకుని వరండాలోకి పరిగెత్తింది.