రేకుకప్ప వేసుకున్న పిల్ల

వినీతకు పాత ఆటవస్తువుల పిచ్చి ఉందని నిజామాబాద్‌లో వాళ్ల గల్లీ అంతటికీ తెలుసు. ఆ మాట ఎవరన్నా ఆమెకు కోపం రాదు. బంగారం పిచ్చి లేనందుకు మా ఆయన అదృష్టవంతుడని నవ్వేస్తుంది. ఆయన పేరు రాజేష్, బస్టాండు దగ్గర కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం. ఆదివారం పూట జాతరకో అంగడికో పోదామంటే బండి తీస్తాడు. ఆమె పాతసామాన్ల కుప్పల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతుకుతుంటే పక్కన నిలబడి చాయ్ తాగుతాడు. అంతకు మించి తలదూర్చడు.

ఆమె పుట్టి పెరిగింది బోధన్‌లో, చెరుకు మిల్లు క్వార్టర్లలో. మిల్లు మూతపడి, అందరూ తలో దిక్కు పోయిన రోజుల్లో వాళ్ల సామాను కూడా లారీకెక్కింది. ఒక్క గోనెసంచి మాత్రం వెనకే ఉండిపోయింది. ఆమె గోటీలు, లక్కపిడతలు, వత్తి వెలిగిస్తే పటపటమంటూ నీళ్లలో తిరిగే రేకుపడవ అన్నీ అందులోనే పోయాయి. పెళ్లయి, బిడ్డ పుట్టాక, ఒక జాతరలో అలాంటి పడవే కనబడింది. ఇంటికి తెచ్చి బకెట్లో వదిలింది. ఆ పటపట వింటుంటే లోపలెక్కడో బిగుసుకున్న ముడి విడిపోయినట్టయింది. ఆ రాత్రి చిన్నప్పటి నిద్ర పట్టింది. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. ఒక్కో వస్తువు దొరికినప్పుడల్లా, కూలిపోయిన ఆ ఇంట్లో ఒక్కో గది తిరిగి వచ్చినంత సంతోషం. దేవుడి గూటి పక్కన వాటికొక అర కేటాయించింది. ఆరేళ్ల కూతురు అంకిత ఆ అర ముందు కూర్చుని, ఇది ఎట్ల ఆడుతరు మమ్మీ, అది ఎట్ల ఆడుతరు అని ప్రాణం తీసేది. చెప్పడం వినీతకు మహా ఇష్టం.

వాళ్లతోపాటు వినీత తల్లి సాయవ్వ ఉంటుంది. పొద్దస్తమానం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. కట్ట చేతిలోకి తీసుకోగానే ఒకటి తక్కువుందని చెప్పేయగలదు. అంత లెక్క తెలిసిన మనిషి, నీకెంతమంది పిల్లలవ్వా అని అడిగితే మాత్రం తడబడుతుంది. రెండు వేళ్లు తెరుస్తుంది. వాటికేసి కాసేపు చూస్తుంది. మెల్లగా ఒకటి ముడిచి, ఒక్కతే బిడ్డ అంటుంది. ముసలితనమని రాజేష్ నవ్వుతాడు. కానీ వినీతకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆమె ఇంతే. ఇంకో అలవాటు కూడా ఉంది. ఇంట్లో బల్లి పలికితే చాలు, చేతిలో పని ఆపి, వేలితో నేల మీద కొట్టి, సత్తెం సత్తెం అంటుంది. ఎన్ని ఇళ్లు మారినా ఆ బల్లి పలుకుతూనే ఉంది, ఆమె కొడుతూనే ఉంది. ఆ బల్లిని చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పెళ్లికని బోధన్ పోయారు. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు, గాలిలో కాల్చిన చెరుకాకు వాసన. తిరుగు ప్రయాణంలో రామ్‌దాస్ పాతసామాన్ల దుకాణం ముందు వినీత బండి ఆపించింది. కాయ్ పాహిజే అక్కా, ఏం గావాలె అని రెండు భాషల్లో పలకరించి, రామ్‌దాస్ ఒక రేకుపెట్టె ముందుకు తోశాడు. అందులో గోటీలు దొరికాయి, బొంగరం దొరికింది, మూత పోయిన లక్కపిడత ఒకటి దొరికింది. అడుగున చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

రేకుకప్ప. ఆకుపచ్చ రంగు, ఎర్రటి కళ్లు. పొట్ట కింద రేకునాలుక నొక్కితే టిక్, వదిలితే టక్. ఒక కాలి దగ్గర మేకుతో పొడిచిన కన్నం, ఆ కన్నంలో పిల్లల నడుముకు కట్టే ఎర్ర మొలతాడు ముక్క. అలాంటి కప్ప కాదు, అదే కప్ప. క్వార్టర్లలో పిల్లలందరూ ఆడుకున్న కప్ప. వినీతకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రామ్‌దాస్ గోటీలు, బొంగరం, పిడత అని మూడూ పైకి చెప్పి కాగితంలో చుట్టాడు. కప్ప కూడా ఉందని ఆమె చూపిస్తే, అవునవునని తల ఊపాడు. మళ్లీ మొదటి నుంచి, గోటీలు, బొంగరం, పిడత అన్నాడు. మతిమరుపు మనిషి అనుకుని ఆమె కప్పను కొంగున ముడేసుకుంది.

మరుసటి ఆదివారం సాయంత్రం గల్లీ పిల్లలు వాళ్ల వాకిట్లో దాగుడుమూతలు మొదలుపెట్టారు. పంటలు వేస్తే పక్కింటి సంజన దొంగ అయింది. పన్నెండేళ్ల పిల్ల, చురుకు. అంకిత అందరికంటే చిన్నది కాబట్టి ప్రతిసారీ ముందుగా దొరికిపోయి మూతి ముడిచేది. వినీతకు అప్పుడు గుర్తొచ్చింది, క్వార్టర్లలో దీనికో పద్ధతి ఉండేది. ఆటలో అరటిపండు అంటే అందరికీ తెలుసు కదా, అందరితోపాటు ఉరుకుతారు, దాక్కుంటారు, దొరికినా దొరికినట్టు కాదు. అక్కడ అరటిపండు మెడలో ఈ కప్ప వేసేవాళ్లు. కప్ప ఉన్నవాళ్లను దొంగ చూడకూడదు, పేరు పిలవకూడదు, లెక్కలో పట్టకూడదు. ఆట అయ్యాక దొంగే వచ్చి కప్ప తియ్యాలి. అప్పట్లో అది ఎవరి మెడలో ఉండేదా అని ఆలోచించింది. బక్కపలచటి మెడ ఒకటి గుర్తుకొచ్చింది, పైన ముఖం రాలేదు.

పిల్లలకు పద్ధతి చెప్పి, కప్పకు కొత్త దారం కట్టి అంకిత మెడలో వేయబోయింది. అరుగు మీద సాయవ్వ చేతిలోని బీడీ జారిపోయింది.

"వెయ్యకు బిడ్డ."

"ఎందుకే అవ్వా?"

సాయవ్వ జారిన బీడీ కోసం చాటలో తడిమింది. "ఏమో, నాకు తెల్వది. వద్దంటున్న, ఇనుకో," అంది.

వినీత నవ్వింది. అంకిత అప్పటికే మెడ ముందుకు చాచి నిలబడింది. టిక్ టక్ అని ఒకసారి నొక్కి చూసుకుని, ఉరికింది.

సంజన గోడకు ముఖం పెట్టి అంకెలు చదువుతుండగానే కరెంటు పోయింది. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు. వాకిట్లో మసక వెలుతురు ఉంది, ఇంట్లో లేదు. పసుపు యార్డు వైపు నుంచి గాలి వీచింది, తడి గోనెపట్టాలో చుట్టిన బీడీల తునికాకు వాసన లోపల్నుంచి వచ్చింది. నీళ్ల డ్రమ్ము వెనక ఒకరు దొరికారు. మెట్ల కింద ఇద్దరు. ఎక్కడో ఇంట్లోంచి టిక్ టక్ వినిపిస్తూనే ఉంది. బిడ్డ సంబరపడుతోందని వినీత చాయ్ గ్లాసు కడుగుతూ మురిసిపోయింది.

"అందరు దొరికిన్రు," అని సంజన చేతులు దులుపుకుంది. పిల్లలు ఎవరిళ్లకు వాళ్లు బయలుదేరారు.

అంకిత మెడలో కప్ప నువ్వే తియ్యాలి కదా అని వినీత గుర్తు చేసింది. సంజన ఆగి, మర్యాదగా చూసింది.

"అంకిత ఎవలు ఆంటీ?"

వేళాకోళం అనుకుంది. ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు. వినీత ఇంట్లోకి పోయి, అంకితా, అయిపోయింది, రా అని పిలిచింది. పలకలేదు. టిక్... టక్. వంటింట్లో. పోయి చూస్తే ఎవరూ లేరు. టిక్... టక్. బీరువా వెనక. ఫోను లైటు వేసింది. గోడ, దుమ్ము, అంతే. టిక్... టక్. ఇప్పుడు తునికాకు సంచుల నడుమ. ఆమె సంచులన్నీ లాగి పడేసింది. తడి వాసన గుప్పుమంది. చెయ్యి లోపలిదాకా పెట్టింది.

చిన్న వేళ్లు తగిలాయి.

ఆమె బిడ్డ వేళ్లే. గోరింటాకు పెట్టిన గోళ్ల నునుపు కూడా తెలిసింది. గట్టిగా పట్టుకుంది. లైటు అటు తిప్పితే చేతిలో ఏమీ లేదు. లైటు ఆర్పితే మళ్లీ వేళ్లున్నాయి.

"అంకితా... రా తల్లీ... ఆట అయిపోయింది."

చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గర నుంచి గుసగుస వచ్చింది.

"మమ్మీ... మామ వదుల్తలేడు."

"ఏ మామ?"

"ఇక్కడ మామ ఉన్నడు. ఆట అయిపోలే అంటున్నడు... తననింకా ఎవలు దొరకబట్టలేదట..."

వినీతకు అన్నదమ్ములు లేరు. ఆమె బిడ్డ మామ అని పిలవడానికి ఈ లోకంలో మనిషే లేడు. వేళ్లు ఒక్కొక్కటిగా జారిపోతుంటే ఆమె లాగింది, మోకాళ్ల మీద పడి లాగింది. ఖాళీ గోనెపట్టా ఒళ్లో పడింది.

పరుగెత్తి సంజన చెయ్యి పట్టి తీసుకొచ్చింది. దొంగ నువ్వే, నువ్వే పిలవాలి, అంకిత అని ఒక్కసారి అను అని కాళ్లావేళ్లా పడింది. ఆ పిల్ల భయంతో అందామని చూసింది. అం... అని ఆగిపోయింది. ఏమనమన్నరు ఆంటీ అని అడిగింది. వినీత మళ్లీ చెప్పింది. సంజన మళ్లీ మర్చిపోయింది. వాళ్లమ్మ వచ్చి, నా బిడ్డనెందుకు సతాయిస్తున్నవని తీసుకుపోయింది.

రాజేష్ వచ్చేసరికి ఆమె గొంతు పోయింది. అంకిత కనబడట్లేదని చెప్తే, ఎవరింటి పిల్ల అని కంగారుగా అడిగాడు. ఆమె ఫోన్లో ఫొటోలు తీసి చూపించింది. జాతరలో తీసుకున్న ఫొటోలో ఆమె ఉంది, రాజేష్ ఉన్నాడు. ఇద్దరి నడుమ చోటు ఉంది. ఇద్దరి చేతులూ కిందికి చాచి, ఎవరినో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. రాజేష్ ఆ ఫొటో వైపు చూసి, ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి, జరమొచ్చినట్టుంది, పడుకో అన్నాడు. మంచివాడు. అదే ఆమెను ఇంకా భయపెట్టింది.

సాయవ్వ ఒక్కతే ఏడుస్తోంది. ఎందుకేడుస్తున్నదో ఆమెకూ తెలియదు. వినీత ఆమె భుజాలు పట్టుకుని, నాకు తమ్ముడుండెనా అవ్వా అని అడిగింది.

"ఏమో బిడ్డ... క్వార్టర్ల ఓనాడు గిట్లనే చీకటైంది. నేను గడప మీద నిలబడి ఎవల్నో పిలుస్తున్న. పిలుస్తున్న, పిలుస్తున్న... నడిమిట్ల పేరు మర్చిపోయిన." సాయవ్వ రెండు వేళ్లు తెరిచింది. ఈసారి రెండోది ముడవలేకపోయింది. "నువ్వు మరువకు బిడ్డ. పేరు ఇడువకు."

వినీత గోడకు ఆనుకుని కూర్చుంది. అంకిత, అంకిత, అంకిత. నిద్ర రాకుండా తొడ గిల్లుకుంటూ అంది. అంకిత. బీరువా వెనక టిక్, సజ్జ మీద టక్. అంకిత. పేరు నోట్లో ఉన్నంతసేపు బిడ్డ ఉంటుంది. ఆమె చేతిలో ఉన్నది అదొక్కటే. కరెంటు వచ్చింది, కోళ్లు కూశాయి, పాలబండి పోయింది. పెదాలు పగిలి రక్తం వచ్చింది. అంకిత, అంకిత. రాజేష్ లేచి, నీళ్ల గ్లాసు తెచ్చి నోటికి పట్టాడు.

నీళ్లు మింగడానికి ఆమె ఒక్క క్షణం ఆగింది.

ఆ ఎండాకాలం పైవాటాలో కొత్తగా కిరాయికొచ్చినవాళ్ల పెద్దావిడ భూమవ్వ, మాటామంతీకి కిందికి దిగింది. వినీత ఆమెకు తన ఆటవస్తువుల అర చూపించింది. పడవ గురించి, గోటీల గురించి ముచ్చటగా చెప్పింది. ఇవి చూస్తుంటే మనసుకు ఎంత నిమ్మళంగా ఉంటుందో అంది. పిల్లలు లేని ఇంట్లో ఇవన్నీ ఎందుకని గల్లీలో నవ్వుతారట, నవ్వనీ అంది. తాడు మీద ఆరేసిన చిన్న గౌను చూసి, మరి గా గౌను ఎవలది బిడ్డ అని భూమవ్వ అడిగింది. ఉతికిన బట్టల్లో ఎవరిదో కలిసి వచ్చిందని వినీత చెప్పింది. అది అలా కలిసి రావడం చాలాసార్లు జరుగుతోందని మాత్రం చెప్పలేదు.

"నీకు పిల్లలు లేరా?"

వినీత ఒక వేలు తెరిచింది. దానికేసి కాసేపు చూసింది. మెల్లగా ముడిచింది.

"లేరవ్వా."

సజ్జ మీద టిక్ టక్ మంది. సాయవ్వ చాట పక్కకు పెట్టి, వేలితో నేల మీద కొట్టింది. వినీత కూడా కూర్చున్నచోటే కొట్టింది. సత్తెం సత్తెం అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అంతలో బీరువా వెనక నుంచి ఇంకోటి, కొంచెం సన్నగా పలికింది.

"రెండు బల్లులున్నట్టున్నయే అవ్వా."

"మొన్నటిదాంక ఒక్కటే ఉండె," అంది సాయవ్వ, తునికాకు కత్తిరిస్తూ. "క్వార్టర్ల కాంచి మనెంబడే వచ్చింది."