తల వంచిన చెయ్యి

తిరుమలగిరిలో నూరుద్దీన్ సారు దగ్గర ఇంగ్లీషు నేర్చుకోని ఇల్లు లేదంటే కొంచెం ఎక్కువే గానీ, ఆయన బెత్తం రుచి తెలియని వీపు మాత్రం అరుదు. బడికి సెలవు ఉండేది కానీ ఆయన పాఠాలకు ఉండేది కాదు. ఆ ఆదివారం పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, ఇంటర్ చదువుతున్న చిన్నకూతురు అమీరున్నీసాను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఆ పిల్లను చూడడానికి జడ్చర్ల నుంచి మనుషులు వస్తున్నారు. చూడడమన్నది పేరుకే. ఇవాళ వాళ్లకు మాట ఇచ్చేయాలని సారు ఎప్పుడో తేల్చేసుకున్నాడు.

ఆయన భార్య ఇక్బాల్ బీ వాకిట్లో మాంసం కడుగుతోంది. ముందురోజు మహబూబ్‌నగర్ అత్తగారింటి నుంచి వచ్చిన పెద్దకూతురు వజీరా వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తోంది.

"అబ్బాజాన్, 'ఒబే' అంటే?" అని పాఠంలోని ఇంగ్లీషు మాట చూపించి అడిగింది అమీరున్నీసా.

"పెద్దల మాట వినుడు."

"వినుడంటే చెప్పినట్టు చేసుడేనా?"

ఇలాంటి ప్రశ్న దొరికితే సారుకు ఆ పూట పండగే. "మంచిగడిగినవ్ బిడ్డా. గది లాటిన్‌ల పుట్టి, ఫ్రెంచి మీదికెల్లి ఇంగ్లీషులకు వచ్చిన మాట. మొదట్ల ఎదుటి మనిషి దిక్కు చెవి పెట్టుడని అర్థం. చెప్పినట్టు చేసుడు తర్వాత వచ్చి చేరింది" అన్నాడు. ఏటా తరగతిలో ఈ ముక్క చెప్పి పిల్లల మొహాలు చూసి మురిసిపోవడం ఆయనకు అలవాటు. చెప్పినదాని గురించి ఆగి ఆలోచించిన పాపాన పోలేదు.

"మీ ఆపా వజీరాను చూసి నేర్చుకో" అని కూడా అన్నాడు. "ఒక్కనాడన్న నా మాట కాదన్నదా? నిఖా నాడు తల వంచి ఒప్పుకున్నది."

వంటింట్లోంచి రొట్టె మాడిన వాసన వచ్చింది. పిండి చేతులతోనే వజీరా గడపలోకి వచ్చి నిలబడింది.

"నేను ఒప్పుకోలే అబ్బాజాన్."

వజీరా నిఖా నాడు మేనమామ ఖాసిం, పెళ్లికూతురి తరఫున ఒప్పుకోలు అడిగి చెప్పే వకీలుగా, ఇద్దరు సాక్షులతో పరదా దగ్గరికి వచ్చి ఆమెను మూడుసార్లు అడిగాడు, ఈ పెళ్లి నీకు ఇష్టమేనా అని. ఆడపిల్ల సిగ్గుతో నోరు విప్పదు కాబట్టి తల ఊపితే చాలంటారు. ఆ రోజు లోపలి ఆడవాళ్లు 'హా అన్నది' అన్నారు, బయట నూరుద్దీన్ ఖర్జూరాలు పంచాడు.

"మామ అడిగినప్పుడు నా నోట్లకెల్లి మాట రాలే. తల గూడ నేను ఊపలే. ఎనకకెల్లి ఒక చెయ్యి వంచింది."

"ఎవరి చెయ్యి?"

"నాదే" అంది ఇక్బాల్ బీ, కడుగుతున్న గిన్నె పక్కన పెట్టి వరండాలోకి వస్తూ. "బయట మీరు తొందర పెడ్తున్నరు. నా నిఖాల మా అమ్మ నా తల వంచింది, నేను గూడ గట్లనే వంచిన. అన్ని ఇండ్లల్ల అయ్యేదే కద."

సారుకు కోపం ముంచుకొచ్చింది. "నాకు చెప్పొద్దా వజీరా? చదువుకున్నోణ్ణి, చెప్తే విననా?"

"చెప్దామనే ముందునాడు మీ దగ్గరికి వచ్చిన. నోరు తెరిచేలోపట్నే నా నెత్తి మీద చెయ్యి పెట్టిన్రు. 'నువ్వు నా మాట వినే పిల్లవు, నీతోటి నాకు ఫికర్ లేదు' అన్నరు. ఇగ ఏమని చెప్పాలె?"

ఆయనకు అది గుర్తుంది. ఇన్నాళ్లూ ఎంతో మంచి జ్ఞాపకంగా దాచుకున్నాడు కూడా. తరగతిలో హాజరు పిలిచేటప్పుడు ఒకరి బదులు ఇంకొకరు పలికితే ఇద్దరినీ బెంచీ ఎక్కించే మనిషి, కన్నకూతురి బదులు ఎవరెవరో పలికితే నమ్మేశాడు.

"అల్లుడు మంచిగ చూడడా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"చెడ్డోడు కాదు. ఆయన చెప్పింది చేస్త, నేను వండింది తింటడు. నాకేం కావాల్నో ఆయనకు తెల్వదు. చెప్పుడు నాకు రాదు."

సారు చిన్నకూతురి వైపు తిరిగాడు.

"జడ్చర్లోళ్లకు ఏం చెప్పమంటవ్?"

అమీరున్నీసా తల దించుకుంది. వెనక నిలబడిన ఇక్బాల్ బీ అలవాటుగా ఆ పిల్ల తల మీదికి చెయ్యి చాచింది.

"చెయ్యి తియ్యి" అన్నాడు నూరుద్దీన్. నిమిషం ఊరుకోలేని మనిషి, పెదవి కదపకుండా కూర్చున్నాడు.

"ఇప్పుడు వద్దు అబ్బాజాన్" అంది అమీరున్నీసా చివరికి. "చదువుకుంట."

"సరే. వచ్చినోళ్లకు అన్నం పెట్టి నేనే చెప్త."

"నలుగుర్ల పరువు పోదా?" అంది ఇక్బాల్ బీ.

"పోనీ. పోయేది నా పరువే కద."

వజీరా లోపలికి వెళ్లి మాడిన రొట్టె తీసేసి ఇంకొకటి తట్టడం మొదలుపెట్టింది. నూరుద్దీన్ ఆమె వెనకాలే వెళ్లి, ఎన్నడూ లేనిది, పొయ్యి దగ్గర నేల మీద చతికిలబడ్డాడు.

"ఆనాడు నాతోటి ఏం చెప్పనీకె వచ్చినవ్ బిడ్డా? పెండ్లి వద్దనా?"

"వద్దని కాదు అబ్బాజాన్. ఆయనను చూసింది లేదు, వద్దని ఎట్లంట? టీచర్ ట్రయినింగు అయ్యేదాంక జర ఆగుండ్రి అందామనుకున్న."

"గంతేనా?"

"గంతే."

ఆయన ఆగేవాడే. ఆ ఒక్కమాట చెవిన పడితే తప్పకుండా ఆగేవాడు. ఆ సంగతే కూతురితో చెప్పబోయాడు గానీ, ఇప్పుడు చెబితే ఎవరికి లాభం? తువ్వాలులో మొహం దాచుకుని ఏడ్చాడు. వజీరా పొయ్యి మీది పెనం దించి, వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.