రెడ్డెమ్మ మెస్‌కు సీలు

మధ్యాహ్నం రెండు నలభై. ఫహాహీల్‌లో రెడ్డెమ్మ మెస్ మీద రైడ్. అధికారులు ముందు గదిలో ఆగనే లేదు. నేరుగా వంటింట్లోకి పోయి ఆమె చెయ్యి పట్టారు. ఇఖామా లేదు, ఉండేందుకు అనుమతి కార్డు. వ్యాన్ ఎక్కించారు. తలుపుకు సీలు.

ఒకసారి పంపించేస్తే మళ్లీ ఈ గల్ఫ్ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

పద్దెనిమిదేళ్ల కింద వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ఇంట్లోంచి బయటపడి, నాలుగు క్యారియర్లతో మొదలుపెట్టిన మనిషి. ఆ పొయ్యి మీదే ఇద్దరు తమ్ముళ్లకు వీసాలు వచ్చాయి. గంగులయ్యకు లాండ్రీ, శ్రీనివాసులుకు సెలూన్ వచ్చాయి.

వ్యాన్‌లోంచి ఆమె అరిచింది. "ఖాజన్నా, ఎవుడు పట్టిచ్చినాడో కనుక్కో! వాని మొగం తెలీకుండా నేను ఇమానం ఎక్కను!"

ఖాజా హుస్సేన్ ఒకప్పుడు రాయచోటిలో హెడ్ కానిస్టేబుల్. ఇక్కడ బిల్డింగ్ వాచ్‌మన్. పదకొండేళ్లుగా ఆమె చేతి కూడు తింటున్నాడు.

నాలుగింటికి గంగులయ్య లాండ్రీకి వెళ్లాడు. వెనక గదిలో గ్రైండర్. మంగఫ్ లేబర్ క్యాంపు మూడు వందల మందికి మెస్ పంపే ఇడ్లీల పిండి అక్కడే రుబ్బుతారు. బియ్యం నానేసే డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. లోపల చెయ్యి పెట్టి చూశాడు. ఎండిపోయి ఉన్నాయి.

ఆరింటికి ముగ్గురిని అక్కడే నిలబెట్టాడు. ఇద్దరు తమ్ముళ్లు, పక్క మెస్ అబ్బాస్.

"నా మీద పడ్తారేం భాయ్?" అబ్బాస్ ఎగిరాడు. "నా కుక్‌కీ కాగితాల్లేవు. పోలీసుల్ని నా వీధికి నేనే పిల్చుకుంటానా? పిచ్చా నాకు?"

శ్రీనివాసులు కళ్లు తుడుచుకుంటున్నాడు. "పొద్దున్నించీ కత్తెర దించలేదన్నా."

ఖాజా ఇటు తిరిగాడు. "గంగులయ్యా, నువ్వు యాడున్నావు?"

"ఈడనే. దినామూ ఉన్నట్టే."

"రైడ్ సంగతి ఎప్పుడు తెలిసింది?"

"మూడుకి. ఫోనొచ్చినాక."

"బియ్యం ఎన్నింటికి నానేస్తావు?"

"పదకొండుకి."

"ఈ పొద్దు?"

"మెస్సే మూసిరి గదా! నానేసి ఏం జేసేది?"

"పదకొండుకి మూయలేదురా."

శ్రీనివాసులు చెయ్యి కళ్ల మీదే ఆగిపోయింది.

గంగులయ్య గోడకు ఆనుకున్నాడు. "మెస్‌కు కొత్త క్యాంపు కాంట్రాక్టు వచ్చింది. వంటింట్లో కాగితం లేని మనిషి ఉండగూడదన్నారు."

ఆమె వండింది తినడానికి ఇన్నేళ్లూ ఏ కాగితమూ అడ్డం రాలేదు.

"నోటితో చెప్పలేకపోయినావా?"

"చెప్తే పోదన్నా. మెస్ నాదంటాది."

"మరెవురిదిరా?"

ఖాజా ఫోన్ మోగింది. స్టేషన్‌లోంచి రెడ్డెమ్మ. స్పీకర్ నొక్కి గంగులయ్య నోటి దగ్గర పెట్టాడు.

"అక్కా..."

"గంగూ! ఏడవొద్దురా. ఎవుడైతే ఏంలే. నువ్వుండావు గదా, అన్నీ చూసుకుంటావు."

ఖాజా ఫోన్ అతని నోటి దగ్గర్నించి తియ్యలేదు.

"నేనే అక్కా."

లైన్ కట్ కాలేదు.

"పక్కన సీనుగాడుంటే," అంది చివరికి, "ఫోను వానికియ్యి."