పగుల్లో పసుపు రంగు

అక్షరాలు ముసలితనంలో దిద్దుకున్నాను. తప్పులుంటే మన్నించండి. చెయ్యి నెమ్మది, కోపం మాత్రం కాదు.

ఉదయం ఏడున్నర. రెండో అంతస్తు బాల్కనీ విరిగి పడింది. కింద షాపు తలుపు తీస్తున్న టైలర్ అక్కడికక్కడే చనిపోయాడు.

ఇన్‌స్పెక్టరమ్మ ఒక ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటికే జనం దోషిని తేల్చేశారు. ఆ బాల్కనీలో పూలకుండీలు పెట్టిన మామ్మ.

"నీ కుండీలే నా మొగుణ్ణి మింగాయి!" అరిచింది టైలర్ భార్య.

మామ్మ మెట్ల మీద కూలబడింది. "నన్ను తీసుకుపోమ్మా. తప్పు నాదే."

"ఆగండి మామ్మగారూ. ఈ ఇంట్లోకి ఎప్పుడొచ్చారు?"

"మొన్న చలికాలంలో."

బిల్డింగ్ సెక్రటరీ ముందుకొచ్చాడు. "పోయిన ఎండాకాలం, ఈమె రాకముందే, బాల్కనీలన్నిటికీ రంగు వేయించాను మేడమ్. అప్పుడు ఒక్క పగులు లేదు. కుండీల బరువుకే విరిగింది."

"మీరే చూశారా?"

"నా కళ్లతో."

ఇన్‌స్పెక్టర్ ఒక కాంక్రీట్ ముక్కను తిప్పింది. విరిగిన ముఖం మీద, రెండు వేళ్ల లోతున, ఎండిపోయిన పసుపు రంగు చార.

"ఇది ఏ రంగు?"

"మేం వేయించిందే."

"పగులే లేకపోతే రంగు లోపలికెలా దిగింది? మూసిన నోట్లోకి ముద్ద వెళ్తుందా?"



గుంపులోంచి పెయింటర్ అరిచాడు. "పగులుందని ఈ సెక్రటరీకి అప్పుడే చెప్పాను మేడమ్! 'రంగు పడితే ఎవడికి కనపడుతుంది, కానివ్వు' అన్నాడు!"

ఇన్‌స్పెక్టర్ సెక్రటరీ వైపు తిరిగింది. "అంటే మామ్మ రాకముందే ఇది పగిలింది. మీకు తెలుసు."

ఇంజనీరు పక్క బాల్కనీ అడుగున సుత్తితో కొట్టాడు. డొల్ల శబ్దం. పెచ్చు ఊడింది. లోపలి ఇనుప కడ్డీ తుప్పు తిని పుల్లలా మిగిలింది.

"పైన సిమెంటు పూస్తే నిలవదు. అన్నీ కొట్టేసి కొత్తవి పొయ్యాలి."

"అంత అక్కర్లేదండీ," సెక్రటరీ గొణిగాడు. "రిపేరు చాలు."

"రిపేరు చాలా?" అంది ఇన్‌స్పెక్టర్. "అయితే రండి. దీని కింద నిలబడి ఆ మాట అనండి."

అతను తలెత్తి చూశాడు. ఒక్కో అడుగే వెనక్కి, రోడ్డు మీదికి జరిగాడు.

"చాలు, చెప్పేశారు. జీపెక్కండి."

టైలర్ భార్య మామ్మను వదిలి అడ్డం వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అటునుంచి కాదమ్మా. వీణ్ణి ఈ బాల్కనీల కిందనుంచే నడిపించండి. మా ఆయన రోజూ నడిచినట్టు."

— ఆ మామ్మను నేనే. అందరూ బుల్లెమ్మ అంటారు. డెబ్బై ఒక్కేళ్లు. ఇప్పుడు చెల్లెలింట్లో, కింది గదిలో ఉంటున్నాను.