నీలి దీపం కింద బొటనవేలు

"ఇవి డాక్టరు చేతులా?"

నర్సు అడిగిన తీరుకి పళ్ల డాక్టరుకి ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తాడు? మహమ్మారి కాలంలో మూతపడ్డ వాళ్లమ్మ క్లినిక్ మళ్లీ తెరవాలంటే ఈ నర్సు సంతకం కావాలి. ప్రభుత్వ ఆసుపత్రి నుంచి వచ్చి ప్రైవేటు క్లినిక్కులన్నీ తనిఖీ చేస్తోంది. అతని చేతులకు ఏదో లోషన్ రాయించి, కడుక్కోమని, నల్ల పెట్టెలో పెట్టించి నీలి దీపం వేసింది. సరిగ్గా కడగని చోటు మెరుస్తుందట. కుడి బొటనవేలు మిణుగురులా మెరుస్తోంది.

"గ్లవ్స్ వేసుకుంటాను కదండీ!"

"గ్లవ్స్ చిరగవా? రేపు పేషెంటు నోట్లో పెట్టేది ఆ వేలే కదా? వచ్చే వారం మళ్లీ వస్తాను, బొటనవేలు గారూ!"

మాస్క్ పైన ఆమె కళ్లు నవ్వాయి. అంతే, మనవాడి కోపం ఎటు పోయిందో పోయింది.

వారమంతా సింకు దగ్గరే కాపురం పెట్టాడు. "తోలు ఊడొస్తుందిరా, ఇక చాలు!" అని తల్లి మొత్తుకుంది. ఆమె కూడా పళ్ల డాక్టరే.

నర్సు వానలో వచ్చి, గొడుగు విదిలించి, పెట్టె తెరిచింది. బొటనవేలు మళ్లీ మెరిసింది!

"అదేంటమ్మా, నిన్నటిదాకా బాగానే కడిగాడే!" అంది తల్లి అమాయకంగా.

నర్సు అతని వైపు తిరిగింది. "కావాలనే వదిలేశారా?"

"పాసైపోతే మీరు మళ్లీ రారు కదా అని..."

ఆమె కళ్లలో నవ్వు ఆరిపోయింది. "నాతో డ్యూటీ చేసిన ఓ నర్సక్క, ఎవరిదో ఇలాంటి చిన్న నిర్లక్ష్యానికే జబ్బు అంటుకుని పోయింది. మీకిది ఆటలా ఉందా?"

"తప్పయిపోయింది. ఇంకెప్పుడూ చెయ్యను," అన్నాడు.

"మీ క్లినిక్‌కి ఇక నేను సంతకం పెడితే న్యాయం కాదు. వేరే సిస్టర్ వస్తుంది."

గొడుగు తెరవకుండానే వానలోకి వెళ్లిపోయింది.

వేరే సిస్టర్ చెప్పాపెట్టకుండా వచ్చింది. అతని చేతులు, కుళాయిలు, పరికరాలు, కుర్చీ తుడిచే విధానం అన్నీ చూసి సంతకం పెట్టింది. క్లినిక్ తెరుచుకుంది. తల్లి మొహం వెలిగిపోయింది. అతనికి మాత్రం ముద్ద దిగడం లేదు. ఆ మొదటి నర్సు రాకపోతే ఎంత వెలితో తెలిసొచ్చింది. అయినా పేషెంటు పేషెంటుకీ చేతులు కడుగుతూనే ఉన్నాడు, ఎవరూ చూడకపోయినా.

ఓ మధ్యాహ్నం ఆఖరి పేషెంటు వెళ్లాక, గుమ్మంలో గొడుగు విదిలించిన చప్పుడైంది. చూస్తే చంకలో నల్ల పెట్టెతో ఆమె!

"తనిఖీ అయిపోయిందిగా?" అన్నాడు తడబడుతూ.

"ఏం, మళ్లీ చెయ్యకూడదా? పెట్టండి చేతులు."

లోషన్ రాసుకుని, కడుక్కుని పెట్టాడు. నీలి దీపం కింద ఎక్కడా చుక్క మెరుపు లేదు.

"పాస్! ఇందాకటి నుంచి వరండాలో నిలబడి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక్క పేషెంటుకి కూడా మీరు కడుక్కోవడం మానలేదు," అంది మెత్తగా. "ఇప్పుడు నావి చూడండి."

తనూ లోషన్ రాసుకుని, కడుక్కుని, చేతులు పెట్టెలో పెట్టింది. కుడి బొటనవేలు ధగధగా మెరిసింది.

అతను నోరెళ్లబెట్టాడు. "సిస్టర్, మీ బొటనవేలు..."

"ఇవాళ నాకు డ్యూటీ లేదు, ఇక్కడ పేషెంట్లూ లేరు. అందుకే ఈ ఒక్కసారికి వదిలేశాను." ఆమె తల దించుకుంది. "ఫెయిలైతే మళ్లీ రావాలిగా?"

అతనికి మాట రాలేదు. లోపలి గదిలోంచి తల్లికి మాత్రం వచ్చింది.

"ఆ కబుర్లేవో భోజనం దగ్గర చెప్పుకోండి. ముందు ఇద్దరూ చేతులు కడుక్కుని రండి. అమ్మాయ్, బొటనవేలు కూడా!"