ప్రొఫెసర్ గారి లాప్‌టాప్

"పడుగు తెగింది."

"పేక ఉంది."

కోడ్ కలిసింది. నేత కార్మికుల పేట గోడాదరాలో లాక్‌డౌన్‌కు మూతపడ్డ పవర్‌లూమ్ షెడ్డు షట్టరు సగం లేచింది. ఏజెంట్ సోమలింగం వంగి లోపలికి దూరాడు. ఉదయం ఎనిమిది.

లోపల రెండు మాస్కుల వెనక చీఫ్ వంశీధర్. లోకానికి ఆయన హజీరాలో గ్యాస్ కంపెనీ మేనేజరు.

"టార్గెట్ ప్రొఫెసర్ రాధాకృష్ణ. సైన్యం బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ల బట్టకు నేత డిజైన్ ఆయనది. ఆ డ్రాయింగ్ చూస్తే నేత ఎక్కడ పలచనో తెలుస్తుంది. అంటే ఎక్కడ కాల్చాలో తెలుస్తుంది."

సోమలింగం ముందుకు జరిగాడు. సరిహద్దులో తమ్ముడు సాంబయ్య ఒంటిమీద ఉన్నది ఆ జాకెట్టే.

"డ్రాయింగ్ యూనివర్సిటీ సర్వర్‌లో కదా సార్ ఉండాలె?"

"ఉండాలి. సర్వర్ తెరవడం రాక ఇంటి లాప్‌టాప్‌లో పెట్టుకున్నాడు మహానుభావుడు. పన్నెండింటికి మనవాళ్ళు వెళ్ళి స్వాధీనం చేసుకుంటారు. ఆలోపే విదేశీ ముఠా దాన్ని కొట్టేయబోతోంది."

"ఆయనకే ఒక ముక్క చెప్తే?"

"ఐదు నిమిషాల్లో స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది."

నిజమే. ఏడాదిగా సోమలింగం మారువేషం యూనివర్సిటీ హెల్ప్‌డెస్క్. ఆన్‌లైన్ క్లాసులు చెప్పే సార్లకు ఫోన్లో సాయం చేసే పని. గోడ నిండా డిగ్రీలు, కానీ కెమెరా మీద అంటించిన స్టిక్కర్ పీకడానికి టెక్నీషియన్ కావాలి. పాస్‌వర్డ్ రహస్యం సార్ అంటే, "రాసుకో, రేపు నేను మర్చిపోతే నువ్వే చెప్పాలి" అనే జాతి. అందరిలోకి రాధాకృష్ణ గారు మహారాజు. క్లాసుకు కనీసం ఐదు ఫోన్లు. ఏడాదిలో ఒక్కరోజూ తప్పలేదు.

పదిన్నరకు సోమలింగం యూనివర్సిటీ సర్వర్ రూములో ఉన్నాడు. పక్కన విశాలాక్షి. చీర రంగుకు సరిపోయే పట్టు మాస్కు, పైన కాటుక కళ్ళు. పేరుకు టీచింగ్ సాఫ్ట్‌వేర్ ట్రైనర్. అసలుకు ముఠా మనిషి, నిరుడు మనవైపు తిరిగింది.

"వాళ్ళు సారు లాప్‌టాప్‌లోకి ఈ సర్వర్ మీదుగానే దూరాలి. నువ్వు ఇక్కణ్ణించి కదలకు," అంది. "నేను గేటు దాకా చూసొస్తా."

పదకొండుకు రాధాకృష్ణ గారి క్లాసు మొదలైంది. పదకొండూ ఐదు. పదకొండూ పది. ఫోన్ మోగలేదు.

పావుగంట దాటింది. సోమలింగం ఫోన్ ఎత్తి చూశాడు, లైను బాగానే ఉంది. ఆ మనిషి ఒంటరిగా క్లాసు నడపడమా? సూర్యుడు తాపీ నది మీంచి ఉల్టా నడిచినా నమ్మొచ్చు. అంటే సారుకు ఇంకెవరో సాయం చేస్తున్నారు.

జేబులోని శానిటైజర్ సీసా మూత మూడుసార్లు నొక్కాడు. అది చీఫ్‌కు డేంజర్ సిగ్నల్. మరుక్షణం ఆన్‌లైన్ క్లాసులోకి దూరాడు.

స్క్రీన్ మీద పాఠం నడుస్తోంది. చెబుతున్నది రాధాకృష్ణ గారు కాదు. ఎవరో వేరే ఊరి ప్రొఫెసర్ వీడియో ప్లే అవుతోంది. మూలన చిన్న డబ్బాలో మన సారు లోచో టిఫిను ప్లేటు పట్టుకుని హాయిగా తింటున్నాడు. వీడియో మీద బాణం గుర్తు దానంతటదే కదులుతోంది. ఫైల్ కాపీ: 81 శాతం. క్లాసులో ఎనభై మంది, ఒక్కడికీ పట్టలేదు.

ఫోన్ కలిపాడు. "సార్, లాప్‌టాప్ బంద్ చెయ్యండి! ఫైల్ దొంగతనమైతాంది!"

"ఎవరూ, హెల్ప్‌డెస్కా? విశాలాక్షి మేడమ్ పొద్దున్నే దూరం నుంచే సెట్ చేసి పెట్టింది. ఏడాదిలో నీవల్ల కానిది పది నిమిషాల్లో చేసింది. కుళ్ళుకోకయ్యా."

88.

"సార్, దండం పెడ్త. పవర్ బటన్ నొక్కండి."

"నొక్కితే పిల్లల అటెండెన్స్ పోదూ? అయినా నాకు యాంటీవైరస్ ఉంది."

94.

దేశం, సైన్యం, శత్రువు అని చెబితే ఈయన నిర్వచనం అడుగుతాడు. దేనికి భయపడతాడు ఈ మనిషి? 97.

"మీ ఇష్టం సార్. వైస్ ఛాన్సలర్ గారు మీ పాఠం వినాలని లింకు అడిగిన్రు. ఇప్పుడే పంపిన. లోపలికొస్తున్నరు."

ప్లేటు పడ్డ చప్పుడు. ఫట్! లాప్‌టాప్ మూత పడింది. స్క్రీన్ నల్లబడింది. 99 దగ్గర ఆగిన ఫైలు ముఠా చేతిలో తెరుచుకోని చెత్త.

ఇరవై నిమిషాల తర్వాత చీఫ్ ఫోన్. "కడోదరా హైవే మీద విశాలాక్షి కారుతో సహా దొరికింది. పాస్‌వర్డ్ ఎలా కొట్టేశావని అడిగితే నవ్వింది. అడగనే లేదట. ఆయనే వాట్సాప్ చేశాడట, నమస్కారం బొమ్మతో సహా."

సాయంత్రం సాంబయ్య వీడియో కాల్ చేశాడు. ఒంటిమీద జాకెట్టు, వెనక మంచు.

"అన్నా, ఏం పని చేస్తున్నవే ఇప్పుడు? నేత సాంచలు బందైనయంట గద."

"యూనివర్సిటీల సార్లకు సదువు చెప్తున్నరా."

"నువ్వా? ఏడో తరగతి తప్పినోనివి!"

"ఆఁ," అన్నాడు సోమలింగం. "ఆరు వరకే చెప్తున్న. గదే వాళ్ళకు ఎక్కుతలేదు."