ఎండనివ్వని మొక్కలు

గురువారం వచ్చిందంటే ఆ ఇంట్లో కాఫీ కంటే ముందు కత్తెర చప్పుడు. పెద్దాయన పెరట్లో సిమెంటు తొట్టి పక్కన స్టూలు వేసుకుని, నీటి మీద తేలే అంతర తామర మొక్కల్ని ఒక్కొక్కటే పైకి తీసి, పసుపు పట్టిన ఆకులు గిల్లి, కిందికి వేలాడే పీచు వేళ్లను బెత్తెడు ఉంచి సమంగా కత్తిరిస్తారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన చేతులకి ఈ పని పట్టుబడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కత్తెర ఆయన భార్యది. ఆవిడ బట్టలు కుట్టేవారు. కుట్టుపని లేనప్పుడు అదే కత్తెరతో తొట్టి బాగుచేసేవారు. ఆవిడ పోయి పధ్నాలుగు నెలలు.

ఆ పొద్దున కోడలు పెరటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. రోజూ ఆ వేళకి చెప్పులు వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగే మనిషి. ఇవాళ చేతిలో తడి ప్లాస్టిక్ కవరుంది.

“మామయ్యా, ఇది చూడండి.”

కవర్లోంచి ఒక మొక్క తీసి ఆయన అరచేతిలో పెట్టింది. వేళ్లు బెత్తెడు. చివర్లు సమంగా కోసి ఉన్నాయి.

“మన మొక్కే కదమ్మా. ఎక్కడిది?”

“పెద్ద కాలువ తూము దగ్గర జాలీకి పట్టుకుంది. అక్కడ ఇలాంటివి ఇంకో బండెడు ఉన్నాయి.”

కోడలు మునిసిపల్ ఆఫీసులో కాలువల ఇన్‌స్పెక్టరు. సోమవారం వానకి ఆ తూము మూసుకుపోయి పల్లపు వీధి ఇళ్లలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. తప్పంతా కాలువ శుభ్రం చేయించే మేస్త్రీ మీద పడింది. నెలల తరబడి పని ఎగ్గొట్టాడని పెద్ద ఆఫీసరు తేల్చేశాడు. పదకొండు గంటలకి ఈమె రిపోర్టు అందితే అతని ఉద్యోగం ఊడుతుంది. “ఎంత లాగినా వారానికల్లా మళ్లీ వస్తున్నాయమ్మా, ఎక్కణ్నుంచో అంతుపట్టటం లేదు,” అని మేస్త్రీ మొత్తుకుంటున్నాడు. ఎక్కణ్నుంచో నిన్న సాయంత్రం ఆ కోసిన వేళ్లు చూడగానే ఆమెకి తెలిసింది.

“తీసేసినవి ఏం చేస్తున్నారు మామయ్యా?”

పెద్దాయన కత్తెర ఒళ్లో పెట్టుకున్నారు. “వెనక కాలువలో వదులుతున్నా.”

“ప్రతి వారమూనా?”

“ప్రతి వారం.”

నోట్లో బ్రష్షుతో వచ్చిన కొడుక్కి సంగతి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. నోరు కడుక్కుని భార్యని పక్కకి పిలిచాడు. అయినా ఆ పెరట్లో పక్క అంటే రెండడుగులే.

“మొక్కలు కాలువలో వాటంతటవే పెరిగాయని రాసెయ్యి. ఎవరడుగుతారు?”

“మేస్త్రీ అడుగుతాడు.”

“అతను మనకేమైనా చుట్టమా?”

“కాదు. అందుకే రాత్రంతా నిద్రపట్టలేదు. చుట్టమైతే ఎలాగో సర్దిచెప్పుకునేదాన్ని.”

“నాన్న పేరు నోటీసులో ఎక్కితే ఈ వీధిలో తలెత్తుకోగలమా? నీ ఉద్యోగం మాత్రం మిగులుతుందా? ఇన్‌స్పెక్టరమ్మ ఇంట్లోంచే వచ్చాయంటారు!”

ఆ మాట నిజమే. రాత్రే ఆమెకీ తట్టింది. కోపం ఎవరి మీద చూపాలో తెలియక తొట్టి మీద చూపింది. వంగి, అడుగున నీళ్లు వదిలే మూత పట్టుకుంది.

“అసలు ఇది ఉంటేగా!”

“ముట్టుకోకు!”

పెద్దాయన లేచిన ఊపుకి స్టూలు వెనక్కి పడింది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆయన గొంతు అంత పైకి లేవటం ఆమె వినలేదు.

“నేనేమైనా చెత్త పారబోశానా? ‘మొక్కల్ని ఎండనివ్వకండి’ అంది మీ అత్తయ్య. నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే. పిలకలు చూస్తే వారానికి రెట్టింపు. తొట్టిలో పట్టవు. గట్టున పడేస్తే నా కళ్లముందే వాడిపోతాయి. నా చేత్తో ఎలా పడెయ్యను? నీళ్లున్నచోట వదిలితే ఎక్కడో బతుకుతాయిలే అనుకున్నా.”

కోడలి చెయ్యి మూత మీద నుంచి మెల్లగా పక్కకి జరిగింది.

“మామయ్యా… అత్తయ్య వీటిని ఎండబెట్టేవారు.”

“ఎవరూ?”

“అత్తయ్యే. తీసేసినవన్నీ డాబా మీద పాత గుడ్డ పరిచి, గలగలలాడేదాకా ఎండబెట్టేవారు. తర్వాత నలిపి ఆ గులాబీ కుండీల్లో వేసేవారు. ప్రాణంతో బయట నీళ్లలో పడితే ఊరంతా పాకేస్తాయని నాకు చెప్పింది ఆవిడే. ఎండనివ్వకండి అన్నది తొట్టిలో ఉన్నవాటిని.”

పెద్దాయన కుండీల వైపు చూశారు. ఈ ఏడాది గులాబీలు ఒక్కటీ పూయలేదు. నీళ్లు చాలటం లేదనుకుని రోజూ రెండు మగ్గులు ఎక్కువ పోస్తున్నారు.

“ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేశాను,” అన్నారు. “కత్తిరిస్తుంటే చూశాను. ఆ తీసేసినవి ఏం చేస్తావే అని ఒక్కసారి కూడా అడగలేదమ్మా. చూసి, డ్యూటీకి వెళ్లిపోయేవాణ్ణి.”

ఇక ఆపుకోలేక చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. కోడలు స్టూలు నిలబెట్టి ఆయన్ని కూర్చోబెట్టింది. తనకీ కన్నీళ్లు ఆగలేదు. మూత లాగబోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కాసేపటికి ఆయన కళ్లు తుడుచుకున్నారు. “రిపోర్టులో రాయమ్మా. ఇంటి నంబరుతో సహా.”

“నాన్నా, అదికాదు…”

“నువ్వుండరా. నేను గుద్దినదానికి పక్కవాడి లైసెన్సు పోతుంటే చూస్తూ కూర్చోమంటావా? నేనూ ఆఫీసుకి వస్తా. ఆ మేస్త్రీకి నా నోటితో నేనే చెప్పాలి.”

“రాస్తాను మామయ్యా,” అంది కోడలు. “నా ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం.”

కొడుకు వంగి, ఆ వారం తీసేసిన మొక్కల బకెట్టు ఎత్తుకున్నాడు. కాలువ వైపు కాదు, మెట్ల వైపు నడిచాడు.

గుడ్డ వెతకనక్కర్లేకపోయింది. కుట్టుమిషను కింద మడిచి ఉంది, మూల మీద ఇంకా సుద్ద గీతలతో. డాబా మీద పరిచాక పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, తడి మొక్కనొకదాన్ని చేతిలోకి తీసుకున్నారు. పెట్టలేక కాసేపు అలాగే పట్టుకున్నారు. తర్వాత తలెత్తి కోడల్ని అడిగారు.

“వేళ్లు పైకి పెట్టేదా, కిందికా, మీ అత్తయ్య?”

“పైకి, మామయ్యా.”